ఆఖరి కోటింగు

నునుపు తేల్చే వాటర్ పేపరును బకెట్లో ముంచి, వ్యాను ఎడమ పక్క మీద ఆ చివరి నుంచి ఈ చివరికి రుద్దుకుంటూ వస్తున్నాడు లాల్‌సాహెబ్. ఎర్రటి ప్రైమరు నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. చూసి నమ్మే మనిషి కాదతను. రుద్దిన చోటల్లా కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతాడు. రవ్వంత గరుకు తగిలినా మళ్లీ మొదలుపెడతాడు. వెనక చక్రం పైన జానెడు రేకుతో తెల్లవారినప్పటి నుంచీ అదే కుస్తీ.

తిరువూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్పై నాలుగేళ్లు రంగులు కొట్టాడు. ఆ రంగు మీద నెమళ్లూ పువ్వులూ గీసే జోజప్ప మాత్రం కింద తన పేరు వంకర్లు తిప్పి రాసుకునేవాడు. అడుగున రంగు కొట్టినవాడి పేరు ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. లాల్‌సాహెబ్‌కు అదేమీ పట్టేది కాదు. ఊళ్లో సగం బళ్లు మెరిపించిన ఈ మహానుభావుడి ఇంటి తలుపులకు మాత్రం ఇప్పటికీ రంగు లేదు. సెలవు నాడు రంగు చిమ్మే గన్ను ముట్టుకోనని ఒట్టట.

ఈ వ్యాను ఒకప్పుడు తీర్థయాత్రల బస్సు వెనకాల వంట సామాను మోసింది. లోపల వంటవాళ్లు నడుం వాల్చే రెండు బల్లలు, స్టవ్వు పెట్టుకునే గట్టు ఉన్నాయి. తుక్కు కిందికి పోబోతుంటే తెచ్చి ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. తెచ్చింది అబీదా కోసం. అతని భార్య అబీదా పదహారేళ్లు పత్తి మిల్లులో పనిచేసింది. ఆ దుమ్మంతా ఆమె ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బస్సులో గంట కూర్చోలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే, బందరు సముద్రం ఒడ్డున ఒక రాత్రి పడుకోవాలని. పడుకుని వెళ్లాలంటే ఈ వ్యాను తప్ప వేరే దారి లేదు.

ఇంజను నెల కిందటే బాగయింది. ఆ రోజే బయల్దేరి ఉండొచ్చు. అబీదా అన్నది కూడా అదే.

"ఇట్టాగే పోదామండీ. రాత్రిపూట సముద్రం దగ్గర మన బండి రంగు ఎవరు చూస్తారు?"

"ఊళ్లో వాళ్ల బళ్లన్నీ మెరిపించి నా బండిని తుప్పుతో రోడ్డెక్కించనా? ఏం మాట అబీదా అది!"

అతనికి ఉన్న పౌరుషమంతా ఆ ఒక్క విషయంలోనే. దాంతో నెల గడిచిపోయింది. తుప్పు గోకాడు, పుట్టీ పెట్టాడు, ప్రైమరు కొట్టాడు. షేడు కార్డు తెచ్చి ఆమె ఒళ్లో పెడితే, ఆమె చాలాసేపు చూసి ఒక నీలం మీద వేలు పెట్టింది. ఆ నీలంతో మొదటి కోటింగు నిన్ననే అయింది. చక్రం దగ్గర మచ్చ మిగిలితే ఈ పొద్దున అక్కడ మళ్లీ ప్రైమరు దాకా దిగాడు. మిగిలింది ఆఖరిది.

షెడ్డుకూ పడకగదికీ మధ్య చువ్వల కిటికీ ఉంది. దానికి తలుపులు లేవు. పని చూస్తుండొచ్చని అబీదా మంచం ఆ కిటికీకి ఆనించి వేయించుకుంది. గట్టిగా పిలిచే ఓపిక లేదు కనుక పక్కనే స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకుంది. ఒకసారి కొడితే మంచినీళ్లు. రెండుసార్లు కొడితే ఊపిరి అందడం లేదని. అప్పుడు అతను పరుగెత్తుకొచ్చి మందు పొగ వదిలే మిషను ముక్కుకు తగిలించాలి. తనంతట తాను ఆమె తగిలించుకోలేదు.

మంచు విడిచి ఎండ కాస్తేగానీ రంగు కొట్టకూడదు, చెమ్మకు తెల్లబారుతుంది. పది దాటాక రంగులో థిన్నరు కలుపుతుంటే, పక్కింటి నర్సు గ్లోరి డ్యూటీకి వెళుతూ ఆగింది.

"పిన్నిని మా ఇంట్లో పడుకోబెట్టండి బాబాయ్. ఆ వాసనకి తట్టుకోలేదు."

"కిటికీకి పేపరు అంటిస్తానమ్మా. నిన్నా అట్టాగే కొట్టా. గాలి కూడా దూరదు."

అబీదా కూడా తల అడ్డంగా ఊపింది. "అంతదూరం నా వల్ల కాదులే గ్లోరీ. ఈ పూటే గదా. రేప్పొద్దున పోతున్నాం." మంచం కింద సంచీలో రెండు చీరలూ దుప్పటీ సర్దుకుని మూడు రోజులైంది.

లాల్‌సాహెబ్ పాత పేపర్లు తెచ్చి చువ్వల మీద పరిచి, అంచులకు టేపు వేశాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క లారీ అద్దం మీద చుక్క పడనివ్వని చేయి అది. ఆఖరి పేపరు అతికాక అబీదా ముఖం కనిపించడం మానేసింది. వెంటనే లోపల గ్లాసు రెండుసార్లు మోగింది. లోపలికి పరుగెత్తాడు. ఆమె నవ్వుతోంది.

"వినపడుద్దో లేదో చూశా."

"వినపడింది. నువ్వు కొట్టు, నేనొస్తా."

అప్పటికి గన్నుకు గాలి తోసే కంప్రెసర్ వేయలేదు, దాని రొద లేదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కుడి పక్క అయింది, వెనక తలుపులు అయ్యాయి. కిటికీకి వీపు పెట్టి, అటువైపున్న ఎడమ పక్క మొదలుపెట్టాడు. ఆఖరి కోటింగు మొదలుపెట్టాక ఆ పక్క పూర్తయ్యేదాకా చేయి ఆపకూడదు. మధ్యలో ఆపితే అక్కడ ఆరిపోయి అతుకు పడుతుంది, ఎండలో గీత పెట్టినట్టు కనిపిస్తుంది. సగం దాటాక ఏదో టింగుమంది. కంప్రెసర్ బెల్టు కూడా అప్పుడప్పుడూ అలాగే మోగుతుంది. చెవి అటు పెట్టాడుగానీ చేయి ఆగలేదు. బెల్టే అయి ఉంటుంది, ఇంకెంత, రెండు బారలు, అనుకున్నాడు. చక్రం దాటించి, మూల తిప్పి, గన్ను దించాడు. ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది.

కంప్రెసర్ ఆపాడు. నీలం నిగనిగలాడుతోంది. ఎక్కడా అతుకు లేదు. తనకంటూ వేసుకున్న మొదటి రంగు కదా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబీదా, అయిపోయింది. పేపరు తీస్తా, చూద్దువుగాని."

చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు.

అబీదా మంచం మీద లేచి కూర్చుని ఉంది. నుదురు కిటికీ చువ్వలకు ఆనింది. మిషను గొట్టం ఒళ్లో చిక్కుపడి ఉంది. అతను ఆమెను పడుకోబెట్టి, ముక్కుకు తగిలించి స్విచ్చు వేశాడు. పొగ వచ్చింది. వచ్చిన పొగ వచ్చినట్టే బుగ్గల పక్క నుంచి బయటికి పోయింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

కబురందుకుని గ్లోరి వచ్చింది. నాడి చూసి, అబీదా కళ్లు మూసి, అతని భుజం మీద చేయి వేసింది. "నిద్రలోనే పోయుంటది బాబాయ్. బాధ తెలిసుండదు." అతను తల ఊపాడు. కూర్చుని ఉందని చెప్పలేదు.

పొద్దు గుంకే లోపల తీసుకెళ్లాలన్నారు. ఆడవాళ్లు స్నానం చేయించారు. ఇంటి దారి అటే కనుక జనాజా షెడ్డులోంచే బయటికి పోవాలి. తడి రంగు అంటకుండా మోసేవాళ్లు ఒళ్లు ఒదిగించుకుని వ్యాను పక్కగా నడిచారు. జోజప్ప ఒక్కడు వెనకబడి, ఆ నీలాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఎక్కడా అతుకు లేదు లాలూ" అన్నాడు మెల్లగా.

ముప్పై నాలుగేళ్లలో అతని పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. లాల్‌సాహెబ్ ఆ నీలం వైపు తల తిప్పలేదు. ఒక్క అతుకు పడినా బాగుండేది అనుకున్నాడు.

ఖబరస్తాన్ నుంచి వచ్చి ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. కిటికీకి పేపర్లు అలాగే ఉన్నాయి. టేపు ఎక్కడా ఊడలేదు. పేపరు మధ్యలో, కూర్చున్న మనిషి ముఖమంత ఎత్తులో, చెంచా కాడ పట్టేంత చిల్లు మాత్రం ఉంది. లోపలి నుంచి పొడిచింది. దాని అంచులు నీలంగా ఉన్నాయి.

కింద కిటికీ గట్టు మీద చెంచా ఉంది. దాని కాడ మీద పడ్డ నీలం తుంపర అప్పటికే ఆరిపోయింది.