రాని బేరింగు

పిండిమర షాఫ్టు మీది పాత బేరింగు ఊడిరాకుండా పొద్దుటినుంచి మెకానిక్ ప్రాణం తోడేస్తోంది. బేరింగును పట్టి లాగే పుల్లర్ మూడు కాళ్లూ దానికి తగిలించి, మధ్య బోల్టు తిప్పీ తిప్పీ అతని రెక్కలు పడిపోయాయి. నూనె పోశాడు, మంట చూపించాడు, దాన్ని బిగించినవాడి ఏడు తరాలనూ తిట్టాడు. అది వెంట్రుకవాసి కదల్లేదు సరికదా, పుల్లర్ కాలే ఒకటి వంకరపోయింది.

"బిగించిన దరిద్రుడే వచ్చి విప్పాలని రూలు పెట్టాలమ్మా," అంటూ ఛాతీ రుద్దుకుని నేలమీద కూలబడ్డాడు.

మర నడిపే ఆవిడ మంచినీళ్లు అందించింది. "వంగినప్పుడల్లా గుచ్చుకుంటోందని విసుక్కుంటున్నావు. అసలా చొక్కా జేబులో ఏముంది బాబాయ్?"

తీసి చూశాడు. సన్నమూతి ప్లయర్. బేరింగుకు అడ్డంగా ఉండే లాక్ రింగును ముందు దీనితో విప్పాలి. మరిచిపోతానేమోనని పొద్దున్నే గుర్తుగా జేబులో పెట్టుకున్నాడు. రింగు మాత్రం షాఫ్టు గాడిలో చెక్కుచెదరకుండా కూర్చునే ఉంది.

అది తీశాక, వంకర కాలి పుల్లర్‌తోనే నాలుగు తిప్పులకు బేరింగు ఊడి ఒళ్లో పడింది.

"వచ్చేసిందా బాబాయ్?"

"రాక చస్తుందా? పొద్దుట్నుంచీ వస్తానంటూనే ఉందమ్మా. నేనే రానివ్వలేదు."