మూసిన కిటికీలు

లెఫ్టినెంట్ ఎసా థార్న్‌డైక్ మోకాళ్ళూని, చెమ్మగిల్లిన చెక్కలను గుడ్డతో తుడుస్తున్నాడు. చార్ల్స్‌టౌన్ రేవులో ఏళ్ళ తరబడి కట్టేసి ఉన్న యుద్ధనౌక అది. దాని కాపలా అతనిది. తుడిచే పని మాత్రం ఎవరికీ ఇవ్వడు.

యవ్వనంలో ఈ నౌక మీదే ఫిరంగి మోతకు ఎడమ చెవి పోయింది. తర్వాత యుద్ధం ఆగింది. చిన్నవాళ్ళు కెప్టెన్లయ్యారు. అతని కోటుకు ఒక్క భుజం మీదే బంగారు కుచ్చు మిగిలింది. కెప్టెన్‌కు రెండుంటాయి. ఆ రెండోది ఎప్పుడో కొని తగరపు డబ్బాలో దాచాడు.

ఇవాళ తనిఖీ. నౌక గట్టిగా ఉందంటే వేసవిలో సముద్రం మీదికి వెళ్తుంది, కెప్టెన్ అతనే. లేదంటే విరగ్గొట్టేస్తారు.

"వాళ్ళొచ్చేలోపు కిటికీలు తెరుద్దామా అయ్యా?" కుడి చెవి దగ్గరికి వంగి అడిగాడు వడ్రంగి ఓబెడ్.

ఫిరంగి కిటికీలన్నీ మూసి, సందుల్లో తారు కూరి ఉంది.

"వానొచ్చేలా ఉంది."

"ఈ ఊళ్ళో ఎప్పుడు రాదు గనక! పెళ్ళి గౌను దాచినట్టు దాచారు దీన్ని."

తనిఖీ అధికారి చెక్కను తొలిచే బరమాను దూలంలోకి దించాడు. చప్పుడు లేకుండా దిగింది. నశ్యంలాంటి గోధుమరంగు పొడి రాలింది.

"ఎవరండీ ఇలా బిగించింది? తడిసినా ఆరేది. గాలాడక మగ్గి పుచ్చిపోయింది."

"తారు కూరింది నేనేనండి," అన్నాడు ఓబెడ్.

"కాదు," అన్నాడు థార్న్‌డైక్. "నేను."

వాళ్ళు వెళ్ళాక చాకుతో తారు గీకుతూ ఒక్కొక్క కిటికీ తెరిచాడు. మధ్యాహ్నానికి వాన లోపలికి కొట్టింది.

"తడుస్తున్నారయ్యా."

"తడవనీ."

"నౌక గురించి కాదు, మీ గురించే."

అతను నవ్వాడు. చాలాకాలానికి.

సాయంత్రం ఓబెడ్ కాఫీ తెచ్చాడు. థార్న్‌డైక్ చివరి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో చాకు. ఓబెడ్ కుడి చెవిలో పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. కాఫీ కింద పెట్టి, తెరిచే ఉన్న అతని కళ్ళు మూశాడు.

"పోయేటప్పుడైనా కెప్టెన్‌గా పోండయ్యా," అంటూ తగరపు డబ్బా తెరిచాడు.

చుట్టు మీద చుట్టుగా నూనెగుడ్డ. లోపల బంగారు పోగులు నల్లబడి, గుడ్డకు అతుక్కుపోయి ఉన్నాయి. ఓబెడ్ వాటిని గుడ్డ నుంచి మెల్లగా ఊడదీశాడు. చివరికి ఆ కుచ్చును కిటికీ అంచున, గాలికి పెట్టాడు.