వంక లేని ముద్ద

నేను ఒక రాచిప్పను. చిప్ప అనగానే మూతి తిప్పకండి. చేతికిచ్చే చిప్ప వేరు, పొయ్యెక్కే చిప్ప వేరు. బలపపు రాయిని తొలిచి చేసిన పులుసు గిన్నెను నేను. మా కొండ రాయిలో కొంత బలపాలై బడికి పోయింది, కొంత నాలాంటి గిన్నెలై వంటింటికి వచ్చింది. అక్షరాలు దిద్దిన తమ్ముళ్ళు అరిగి మాయమయ్యారు. పులుసు కాచిన నేను మిగిలాను. చదువు గొప్పదా వంట గొప్పదా అని ఎవరైనా అడిగితే ఈ సంగతే చెబుతాను.

నన్ను తొలిచినవాడు ఒక ఒంటికన్ను ముసలాడు. ఉలి దెబ్బకి నేను పలికిన పలుకు విని మూడు పల్లెల ఆవులు ఇంటిదారి పట్టేవని చెప్పుకునేవాడు. అది శుద్ధ కోత. రెండు పల్లెల ఆవులు రావడం మటుకు నేను స్వయంగా చూశాను.

సంతలో నన్ను ఏరుకున్నావిడ పేరు వరహాలమ్మ. సామర్లకోటలో రైలుకట్టకి అవతల పెంకుటింటి ఇల్లాలు. తెచ్చిన రోజునే పొయ్యెక్కిస్తే నాలాంటిది టప్పున పగులుతుంది. ఆవిడకది తెలుసు. పది రోజులు గంజి పోసి నానబెట్టింది. ఆముదంలో పసుపు కలిపి ఒళ్ళంతా పట్టించింది. ఆ తర్వాత సన్న సెగ మీద పెట్టి, చంటిపిల్లకి నడక నేర్పినట్టు నాకు వేడి నేర్పింది. కొత్తకోడలి దగ్గర అంత ఓపిక పట్టే అత్త ఉండదు. ఆవిడా పట్టలేదు. ఆ కథకే వస్తున్నాను.

నాలో కాగిన పులుసు పొయ్యి దించాక కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఒకసారి నన్ను దించి పెళ్ళికెళ్ళి, మూడు రోజుల తర్వాత తిరిగొస్తే ఇంకా కుతకుతమంటున్నానని వరహాలమ్మ ఊరంతా చెప్పింది. మూడు కాదు, రెండే.

ఒక ఏడు ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ ముక్కల పులుసు మూడుసార్లు వేయించుకుని, "నీ చేతిలో అమృతం ఉందే వరహాలూ" అని వెళ్ళింది. మర్నాడే గంజి వార్చబోయి వరహాలమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా కాల్చుకుంది. నెలన్నర గరిటె పట్టలేదు. చేతిలో మసిగుడ్డ చిరిగి ఉండటం నేను చూశాను. ఆవిడ చూడలేదు. ఆవిడకి కనిపించింది చుట్టపావిడ కన్నే.

అప్పుడు ఆ ఇంట్లో ఒక కట్టు పుట్టింది. కూతురు అచ్చియమ్మనీ, కొడుకు గవర్రాజునీ నా ముందే కూర్చోబెట్టి చెప్పింది. "ఈ ఇంటి వంట తిన్నోళ్ళు ఏదో ఒక వంక పెట్టి లేవాలి. వంక లేని ముద్ద దిష్టి ముద్దరా. నా తర్వాత గరిటె పట్టేదానికి ఈ సంగతి చెప్పకండి. వంక ఉత్తదని దానికి తెలిసిపోతే, దిష్టికీ తెలిసిపోద్ది."

ఎంత లోతైన ఆలోచనో చూడండి. మనుషులు దేవుణ్ణి మోసం చేయడానికి కూడా ఇంత శ్రద్ధ తీసుకోరు.

గవర్రాజు పెరిగి నూనె మిల్లులో ఫిట్టరయ్యాడు. పెద్దాపురం నుంచి మంగతాయారుని చేసుకొచ్చాడు. ఆ పిల్ల పుట్టింట్లో పచ్చడి నూరినా నలుగురూ చెయ్యి మెచ్చుకుని లేచేవారట. వచ్చిన రోజు నన్ను రెండు చేతులా ఎత్తి, అంచు మీద వేలితో మీటి, నవ్వింది. మొదటిసారి నాలో ఆనపకాయ, ములక్కాడ వేసి పులుసు పెట్టింది. నాకు నాలుక లేదు గాని నలభై ఏళ్ళ ఒళ్ళుంది. అలాంటి పులుసు నా ఒంటికి అంతకుముందు తగలలేదు. వరహాలమ్మది మంచి చెయ్యే, ఈ పిల్లది వేరే చెయ్యి.

ఆ రోజు తల్లీకొడుకులు నన్ను అడుగంటా ఊడ్చుకుని తిన్నారు. తలుపు వెనకాల నిలబడ్డ మంగతాయారు చెవులు రిక్కించింది.

"చింతపండు పాతది పడ్డట్టుంది," అంది వరహాలమ్మ.

"ములక్కాడ కాస్త ముదురు," అన్నాడు గవర్రాజు, నమిలిన ములక్కాడనే మళ్ళీ నములుతూ.

ఆ పిల్ల వంటింట్లోకొచ్చి నా అడుగున మిగిలిన రెండు చుక్కలు వేలితో తీసి నాక్కుంది. చాలాసేపు ఆలోచించింది. మర్నాడు కొత్త చింతపండు, లేత ములక్కాడలు తెప్పించింది. ఆ మర్నాడు ఉప్పెక్కువైంది. ఆ తర్వాత ఇంగువ చాల్లేదు. నాకు నోరైతే వెడల్పుగానే ఉంది, పులుసు పోయడానికి తప్ప పనికిరాదు. లేకపోతే ఆ వారంలోనే చెప్పేసేవాణ్ణి.

మూడేళ్ళకి వరహాలమ్మ పోయింది. కట్టు పోలేదు.

పిల్లలు పుట్టారు. కొడుకు వీరబాబు, కూతురు ధనకుమారి. తండ్రి రోజూ వంక పెట్టి లేవడం చూస్తూ పెరిగారు. వాళ్ళకి కట్టు సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు చూసింది వంక ఒక్కటే. పిల్లలు మనం చెప్పింది నేర్చుకోరు గదా, చేసింది నేర్చుకుంటారు. తండ్రి వంక పెట్టి నన్ను ఖాళీ చేసేవాడు. పిల్లలు వంక పెట్టి నన్ను అలాగే వదిలేసేవారు. వీడికి వంకాయ పడదు, దానికి కరివేపాకు కంట పడకూడదు. పప్పు పల్చనైతే వాడు, చిక్కనైతే అది. ఉత్తుత్తి వంక వాళ్ళ నోట్లో పడి నిజం వంకైంది.

మధ్యాహ్నాలు అందరూ లేచాక మంగతాయారు నన్ను ముందు పెట్టుకుని, మిగిలినదాంట్లో అన్నం కలుపుకుని తినేది. కలుపుతూ ఒక్కోసారి నాతోనే అనేది: "ఏం తక్కువైందంటావు?" పాతికేళ్ళు అదే ప్రశ్న. పక్కింటావిడని అడిగింది. పుట్టింటి నుంచి పొడులు తెచ్చుకుంది. పత్రికల్లో వంటల పేజీలు కత్తిరించి డబ్బాలో దాచింది. ఆవిడకి నగలు అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు. తన ఇంట్లో, తన వంట తిని, ఒక్క మనిషి బాగుందని అనాలి. అంతే కావాలి. అది తప్ప అన్నీ దొరికాయి.

ఒక ఆదివారం వీరబాబు పనసపొట్టు కూర అడిగాడు. అడిగాడన్న సంబరానికే ఆవిడ పొద్దున్నే చేతులకి నూనె రాసుకుని కాయ ముందు కూర్చుంది. పనస జిగురు మీకు తెలిసే ఉంటుంది. మా కొండ దగ్గర ఒకడు నూనె రాసుకోకుండా పనసకాయ పట్టుకుంటే, కాయతో పాటే వాణ్ణి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టాల్సొచ్చింది. పదకొండింటి దాకా కొట్టి, ఆవ పెట్టి, ఇంగువ తాలింపు వేసింది. నాలో ముక్కల పులుసు సరేసరి.

వీరబాబు ఒక్క ముద్ద తిన్నాడు. "నార నారగా ఉందమ్మా. కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్నా పోయేది."

"ఆవ ముక్కులోకెక్కింది," అంది ధనకుమారి, కంచం పక్కకి నెట్టి.

గవర్రాజు మూడోసారి పులుసు వేసుకుని, కంచం తుడిచి, వేళ్ళు నాకి, చివరికి కట్టు గుర్తొచ్చి అన్నాడు: "బెల్లం కాస్త ముందుకొచ్చింది."

మంగతాయారు నూనె పోని చేతులు కొంగుకి తుడుచుకుంది.

మర్నాడు అన్నం ఒకటే వండింది. వీరబాబుని పంపి కర్రీ పాయింటు నుంచి కూరలు తెప్పించింది. దారం చుట్టిన కవర్లు నాలుగు వచ్చాయి. కంచాల్లోకి పిండింది. గవర్రాజు గుత్తొంకాయ కలుపుకుని ఒక ముద్ద పెట్టుకున్నాడు.

"బాగుందే," అన్నాడు.

అన్నం గరిటె పట్టుకున్న ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏమన్నారూ?"

"బాగుందన్నాను. ఏం?"

"ఏం లేదు. తినండి."

పాపం, తను తప్పేమీ చేయలేదనుకున్నాడు గవర్రాజు. ఆ కూర వండిన చెయ్యి ఎవరిదో తెలియదు గదా. ఊరూపేరూ లేని చేతికి దిష్టి తగిలితే మనకేం. ఇంటి చేతినే జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ జాగ్రత్త ఆ ఇల్లాలి గుండె మీద ఇరవయ్యారేళ్ళుగా కూర్చుని ఉందని అతనికి తెలియదు. అన్నం గరిటె నా మీదే బోర్లించి, పొయ్యి వైపు తిరిగి ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను తప్ప ఎవరూ వినలేదు. శబ్దం రాకుండా ఏడవడం కూడా ఒక పనితనమే.

ఆ సాయంత్రం నన్ను తీసుకెళ్ళి పెరట్లో కోళ్ళగూడు పక్కన పెట్టి నీళ్ళు పోసింది. కోపంగా విసిరేస్తే బాగుండేది. మెల్లగా, అడుగు గీసుకోకుండా పెట్టింది.

పది నెలలు కోళ్ళు నాలో నీళ్ళు తాగాయి. వాటికి వంకల్లేవు. వంటింటి నుంచి తాలింపు వాసన రాలేదు.

అప్పుడు యలమంచిలి నుంచి అచ్చియమ్మ వచ్చింది. పదేళ్ళ తర్వాత తమ్ముడింటికి. భోజనం చేసి చెయ్యి కడగడానికి పెరట్లోకొచ్చి నన్ను చూసింది.

"ఇదేంటే మంగా, మా అమ్మ రాచిప్ప కోళ్ళకి పెట్టావు?"

"అది వంటింట్లో ఎందుకొదినా. నా వంట ఎవరికీ పడదు. నాకు చేతకాదు."

"ఎవడన్నాడు?"

"ఎవరు అనలేదో చెప్పండి. ఇరవయ్యారేళ్ళలో వంక పెట్టకుండా లేచిన పూట లేదు."

అచ్చియమ్మ నవ్వింది. "ఈ ఇంట్లో వంక పెట్టకుండా ఎవడు లేస్తాడే? అది మా అమ్మ పెట్టిన కట్టు. చేతికి దిష్టి తగలకుండా. నేను కాపరానికెళ్ళిన కొత్తలో మా మావగారు కూర బాగుందన్నాడు. నామీదేదో పగబట్టాడనుకుని రెండ్రోజులు ఏడ్చాను." నవ్వుతూనే మరదలి మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. "నీకు తెలీదా?"

మంగతాయారు నూతి పళ్ళెం మీద కూలబడింది. కొంచెం దూరంలో గవర్రాజు కోళ్ళగూడు తలుపుకి మేకు కొడుతున్నాడు. సుత్తి ఆగిపోయింది.

"ఏవండీ, వదిన చెప్పింది నిజమేనా?"

అతను తల వంచుకున్నాడు. "చెప్పకూడదంది అమ్మ."

"నా పులుసు ఎలా ఉండేది?"

"మంగా, ఎందుకిప్పుడు..."

"తగలనివ్వండి. దిష్టే గదా, ఒక్కసారి తగలనివ్వండి. ఎలా ఉండేది?"

గవర్రాజు నోరు తెరిచాడు. యాభై నాలుగేళ్ళ నోరు, ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఒక్కదారే నడిచిన నోరు. "వీరబాబు అన్నప్రాశన నాడు చక్రపొంగలిలో నెయ్యి చాల్లేదన్నాను," అన్నాడు చివరికి. "గోదారి పొంగిన ఏడు పెట్టిన కంద బచ్చలి కూరలో కారం ఎక్కువన్నాను. మీ నాన్న పోతే వెళ్ళొచ్చిన వారానికి చారు కాచావు, నీళ్ళలా ఉందన్నాను..." అలా చెప్పుకుపోయాడు. ఏ పూట ఏం వండిందో, తనేం వంక పెట్టాడో, ఒక్కటి మరిచిపోలేదు. పద్దెనిమిదో ఇరవయ్యో చెప్పాడు. వెయ్యి చెప్పాడని కోళ్ళు అంటాయి గాని వాటికి లెక్క రాదు.

"అవన్నీ వంకలే," అంది మంగతాయారు. "మాటేదీ?"

నేలకేసి చూస్తూ, "బాగుండేది," అన్నాడు. "అన్నీ బాగున్నాయి. నువ్వు వండటం మానేశాక నాకు ఆకలి తెలీడం లేదు."

అనేసి, తప్పు చేసినవాడిలా గబగబా లోపలికి పరిగెత్తాడు. గుప్పెట్లో ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి, ఆవిడ కుడిచేతి చుట్టూ తిప్పడం మొదలెట్టాడు. ఉప్పు సగం కింద రాలింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అచ్చియమ్మ అటు తిరిగి కొంగు మొహానికి పెట్టుకుంది.

అయితే అన్నీ చక్కబడ్డాయని చెబితే అది నేను చెప్పిన కోతలన్నిటికంటే పెద్ద కోత అవుతుంది. పిల్లలకది కట్టు కాదు, నాలుక. ఆ నాలుక అలాగే ఉంది. మంగతాయారు మళ్ళీ వండుతోంది, బుద్ధి పుట్టిన రోజున, తనకి నచ్చింది. ముందు తన కంచంలో వడ్డించుకుంటోంది. వంక పెట్టినవాళ్ళకి కర్రీ పాయింటు దారి చూపిస్తోంది.

నన్ను మాత్రం లోపలికి తీసుకెళ్ళలేదు. కోళ్ళ ఎంగిలి తాగిన రాయి పొయ్యెక్కదు. కానీ ఒక పొద్దున నీళ్ళు మార్చడానికి వచ్చి, నన్ను కడిగి, లోపల అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"పాతికేళ్ళు చాకిరీ చేశావు," అంది. "నేనూ ఎప్పుడూ నిన్ను ఒక్క మంచి మాట అనలేదు. నీలో కాగిన పులుసు ఇంకెందులోనూ రాలేదు. మంచి గిన్నెవి."

రాయిని గనక నేనేమీ అనలేదు.

ఆ ఎండాకాలమే నా అడుగున బీట పడింది. సన్నటి గీత, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఎండకి పడిందని గవర్రాజు అంటాడు. వరహాలమ్మ ఉంటే ఇంకోలా అనేది. పడితే పడనివ్వండి. ఆ మాటకి ఈ బీట ఎక్కువేం కాదు.