ఏకగ్రీవంగా ఆమోదించిన రిజల్యూషన్

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటర్ పెట్టె లోపల కూర్చుని తెర మీద మీరు చూసే బొమ్మలు గీస్తాను. సెకనుకు అరవై బొమ్మలు గీస్తే మనుషులు దాన్ని కదలిక అంటారు. ఇరవై గీస్తే పెట్టెను తన్నుతారు.

నన్ను చైనాలో ఒక ఫ్యాక్టరీలో చేశారు. ఓడలో చెన్నైకి, అక్కడి నుంచి లారీలో హైదరాబాద్‌కు వచ్చాను. మొదటి రెండేళ్లు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన దగ్గర ఉన్నాను. వధూవరుల మీద పూలు రాల్చడం నా పని. ఒక జంట మీద నాలుగు నిమిషాలు రాల్చాను. వాళ్లు విడిపోయారట, వీడియో తీసుకోవడానికి ఎవరూ రాలేదు. తర్వాత నన్ను ఒక షెడ్డుకు అమ్మారు. ఇంటర్నెట్‌లో క్రిప్టో నాణేలు తవ్వుతున్నామని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. పదకొండు నెలలు ఆపకుండా తవ్వాను. నాణెం మాత్రం ఒక్కటీ చూడలేదు. అక్కడి నుంచి నన్ను అమ్మినప్పుడు డబ్బా మీద ‘డాక్టర్ గారు ఇంట్లో వాడినది’ అని రాశారు.

అలా సిరిసిల్ల చేరాను. పాత బస్టాండ్ ఎదురుగా దూస తిరుపతి నడిపే గేమ్ సెంటర్‌లో ఆరు సిస్టమ్‌లు ఉంటే మూడోదాంట్లో నన్ను బిగించారు. షట్టర్ పైన బోర్డు ఉంది: ‘అన్ని సిస్టమ్‌లలో అల్ట్రా గ్రాఫిక్స్ గ్యారంటీ’.

ఈ అల్ట్రా సంగతి చెప్పాలి. ఆటలో సెట్టింగ్స్ అని ఒక పేజీ ఉంటుంది. నీడలు, గడ్డి, నీళ్ల మెరుపు, అద్దాలు – ఒక్కోదానికి ఎంత కష్టపడాలో నాకు అక్కడ చెబుతారు. లో, మీడియం, హై, అల్ట్రా. చదువుకునే రోజుల నుంచీ మార్కులు చూసి బతికిన మనుషులకు ‘లో’ అంటే ఫెయిలైనట్టు. అందుకని అన్నీ అల్ట్రాలో పెడతారు. నా వయసుకు అది మోయలేని బరువు. మోయలేనని సిస్టమ్ బిగించిన మెకానిక్‌కు తెలుసు. అతను అల్ట్రాను ముట్టుకోకుండా, పేజీలో అన్నిటికన్నా పైనున్న రిజల్యూషన్‌ను 1280 x 720కి దించి వెళ్లిపోయాడు. బోర్డు మాట నిలబడింది. ఆ పై వరస గురించి తిరుపతికి తెలియదు. ఆడడానికి వచ్చే గిరాకీకీ తెలియదు.

జూన్‌లో వెల్దండి సుగుణ వచ్చింది. ట్రాలీ ఆటోలో మార్కెట్‌కు కూరగాయలు తోలుతుంది. వయసు ముప్పై నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలను నేను ఊరికే చెప్పడం లేదు. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ పదిమంది ఆడవాళ్లకు బస్సు నడపడం నేర్పుతానని ప్రకటించింది. వయసు ముప్పై ఐదు దాటకూడదు. వచ్చే ఏడాదికి ఆమె దాటిపోతుంది. తొలి వడపోత కంప్యూటర్‌లో. వాళ్లు చెప్పిన బస్సు ఆటలో ముప్పై ఎనిమిది కిలోమీటర్ల రూటు నడిపి, తెరను మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసి పంపాలి. మూడు జరిమానాలు పడితే ఇంటికి.

“బస్సే ఎందుకక్కా? ఆటో మంచిగనే నడుస్తుంది గదా” అన్నాడు తిరుపతి.

“టమాటలు మాట్లాడయి తమ్మీ. రెండేండ్ల సంది ఒక్కదాన్నే వోతున్న, ఒక్కదాన్నే వస్తున్న.”

దరఖాస్తుతోపాటు నిబంధనల కాగితం వచ్చింది. దాన్ని ఎవరు తెలుగు చేశారో తెలియదు. నాలుగో నిబంధన ఇలా ఉంది: ‘తీర్మానం 1920 x 1080 తప్పనిసరి. అది లేనివి తిరస్కరించబడును.’

సుగుణ తమ మహిళా సంఘానికి రైటర్. సంఘంలో తీర్మానం లేకుండా ఏదీ కదలదు. కుర్చీలు కొన్నా తీర్మానమే, కుర్చీ విరిగినా తీర్మానమే. కాబట్టి ఆ మంగళవారం సమావేశం పెట్టారు. అక్కడ ఏం జరిగిందో సుగుణ నా ముందు కూర్చుని తిరుపతికి చెప్పగా విన్నాను. 1920 అంటే ఏమిటని ఒకరు అడిగారట. జీవో నంబర్ అయి ఉంటుందని సంఘం అధ్యక్షురాలు రాజవ్వ చెప్పింది. మరి 1080? అది దానికి సవరణ. పుస్తకంలో సుగుణే రాసింది: ‘1920 x 1080 గురించి కూలంకషంగా చర్చించి సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.’ పన్నెండు సంతకాలు, రెండు వేలిముద్రలు. జిరాక్సు తీసి దరఖాస్తుకు జతచేసింది.

తిరుపతి ఆ జిరాక్సు చదివి, “పక్కాగ ఉందక్కా” అన్నాడు.

సాధన మొదలైంది. రోజూ మార్కెట్ అయ్యాక మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చేది. స్టీరింగ్, గేర్లు రెండు రోజుల్లో పట్టుకుంది. జరిమానాలు మాత్రం ఆగలేదు. దూరంలో వేగం బోర్డు కనిపించేది, అంకె తెలిసేది కాదు. దగ్గరికి వచ్చాక నలభై అని తేలేది. అప్పటికి బస్సు అరవైలో ఉండేది.

“కండ్లు కరాబైనయ్ తమ్మీ” అంది నాలుగో రోజు. మర్నాడు కరీంనగర్ వెళ్లి కళ్లు చూపించుకుంది. డాక్టర్ అన్ని వరసలూ చదివించి, కళ్లజోడు అక్కర్లేదని పంపించాడు. ఆమెకు అది శుభవార్తలా అనిపించలేదు. కళ్లు బాగుండి బోర్డు కనబడకపోతే తప్పు తన తెలివిదే అనుకుంది.

“పోనీయక్కా, ఆశ వెట్టుకోకు” అన్నాడు తిరుపతి. ఓదార్పు అనుకునే అన్నాడు.

వీడియో పంపడానికి ఇక మూడు రోజులే ఉన్నాయి. స్టీరింగ్ కొంచెం బిగుతు చేద్దామని సుగుణ సెట్టింగ్స్ తెరిచింది. స్టీరింగ్ ఎక్కడుందో తెలియక పైనుంచి ఒక్కో వరసా నొక్కుకుంటూ వచ్చింది. మొదటి వరస నొక్కగానే అంకెల జాబితా దిగింది. 1280 x 720. దాని కింద 1600 x 900. దాని కింద 1920 x 1080.

ఆమె వేలు ఆగింది.

“ఓ తమ్మీ, గిది మన తీర్మానం గాదు?”

తిరుపతి వచ్చి చూశాడు. “రిజల్యూషన్” అన్నాడు. ఆ వరస మీద వేలు పెట్టి, “రిజల్యూషన్ అంటె తీర్మానమే” అన్నాడు. ఇంగ్లిష్‌లో ఆ రెండింటికీ ఒకటే మాట. కాగితం తెలుగు చేసినవాడు తప్పు మాట తీసుకున్నాడు. పద్నాలుగు మంది ఆడవాళ్లు దానికి మద్దతు తెలిపారు.

“గీ అంకెలేంది మరి?”

“అడ్డం ఎన్ని చుక్కలు, నిలువు ఎన్ని చుక్కలని.”

తిరుపతి తండ్రి మగ్గం నేసేవాడు. సుగుణ పుట్టిల్లు కూడా మగ్గాల వీధే. ఆమె ఆ జాబితా వైపు చూసి, “అంటె పోగులే గద తమ్మీ” అంది. “గా తెరకు పందొమ్మిది వందల ఇరవై పోగులు వడ్తయి. నువ్వు పన్నెండు వందల ఎనభైతోని నేసి గుంజినవ్. జల్లెడ బట్టల నుంచి నాకు బోర్డెట్ల అగుపడ్తది?”

ఇంతకన్నా సరిగ్గా నేను చెప్పలేను. ఆ మానిటర్‌కు ఇరవై లక్షల పైన చుక్కలున్నాయి. నేను తొమ్మిది లక్షలు గీసి ఇస్తుంటే అది వాటినే సాగదీసి నింపుకునేది. సాగదీతలో మొదట పోయేవి దూరంలో ఉన్న అక్షరాలు.

సుగుణ 1920 x 1080 నొక్కింది. బోర్డు మీద అంకె స్పష్టంగా పడింది. బస్సు మాత్రం కుంటింది. పని రెండింతలు దాటింది, అల్ట్రా అలాగే ఉంది. సెకనుకు పద్దెనిమిది బొమ్మల కన్నా నావల్ల కాలేదు. నా ఫ్యాన్ చప్పుడుకు పక్క సిస్టమ్‌వాళ్లు తిరిగి చూశారు. బస్సు డివైడర్ ఎక్కింది.

“చూసినవా, పాతదే నయం” అన్నాడు తిరుపతి.

“పాతదాంట్ల తీస్తె వీడియో చెల్లదు. బరువు దించాలె. గీ నీడలు తగ్గియ్యి.”

“నీడలు లోలనా? బోర్డు మీద ఏం రాసిన్నక్కా నేను? ఎవడన్న చూస్తె నా ఇజ్జత్ వోతది.”

“నీ ఇజ్జత్ నీడల ఉన్నదా తమ్మీ?”

పక్క సిస్టమ్‌వాళ్లు నవ్వారు. తిరుపతి లేచి వెళ్లి షట్టర్ సగం దించాడు, రోడ్డు మీదివాళ్లకు కనబడకుండా. తర్వాత వచ్చి నీడలను లోలో పెట్టాడు. నాకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది. గడ్డి తీసేశారు. నీళ్ల మెరుపు తీసేశారు. ఒక్కోటి మార్చడం, వంద మీటర్లు నడిపి చూడడం. రంగులూ గోడలూ చెక్కుచెదరకుండా అల్ట్రాలోనే ఉంచారు, వాటికి నా మెమరీలో చోటుంది. దూరం ఎంతవరకు కనబడాలనే వరసను ఆమె ముట్టుకోనివ్వలేదు, బోర్డులు అక్కడే ఉన్నాయి కాబట్టి. అద్దాలు కూడా బాగా బరువే. ఒక్కో అద్దంలో వీధినంతా నేను మళ్లీ గీయాలి. తిరుపతి వాటి మీద చెయ్యి వేశాడు.

“అద్దాలు ముట్టకు” అంది. “అద్దాల్లేకుంట బస్సెవరు నడుపుతరు?”

చివరికి సెకనుకు యాభై రెండు దగ్గర నిలబడ్డాను. వయసుకు మించిన పనే.

శుక్రవారం మధ్యాహ్నం వీడియో తీశారు. రాజవ్వతోపాటు ఏడుగురు సంఘం ఆడవాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. తాము ఆమోదించినదాన్ని చూసే హక్కు వాళ్లకు ఉందన్నారు.

“గీ ఊళ్లె ఎండ లేదా? చెట్టుకు నీడ లేకపాయె” అంది ఒకామె.

“గడ్డి గూడ లేదు. కరువున్నట్టుంది” అంది రాజవ్వ.

సుగుణ గేరు మార్చింది. బోర్డులు దూరం నుంచే చదువుతూ పోయింది. పన్నెండో కిలోమీటర్ దగ్గర స్టాపుకు ఆవలగా ఆపినందుకు ఒక జరిమానా పడింది. ముప్పై ఒకటో కిలోమీటర్ దగ్గర రెండోది. ఇక ఒక్కటి పడితే అయిపోతుంది. చివరి కూడలిలో ఎర్ర లైటు పడింది. నాలుగు దిక్కులా ఒక్క బండి లేదు.

“ఎవ్వల్లేరు, పో సుగుణా పో!” అని ఇద్దరు అరిచారు.

ఆమె ఆగింది. నలభై సెకన్లు ఖాళీ కూడలిని నేను రెండు వేల సార్లు గీశాను. పచ్చ లైటు పడ్డాక కదిలింది. డిపోలోకి చేరింది. మూడో జరిమానా పడలేదు.

ఎంపికైన పదిమందిలో ఆమెది తొమ్మిదో పేరు. దరఖాస్తు వెనక ఉన్న తీర్మానం గురించి సంస్థవాళ్లు ఏమీ అడగలేదు. జులైలో హైదరాబాద్ వెళ్లింది.

మరుసటి మే నెలలో నా ఫ్యాన్ ఆగిపోయింది. మోటారు దొరకలేదు. తిరుపతి నన్ను ఊడదీసి కౌంటర్ పక్క అలమరలో, కాలిన మౌస్‌ల మధ్య పెట్టాడు. ఇప్పుడు నేనేమీ గీయడం లేదు. వింటాను.

మొన్న ఎదురుగా పాత బస్టాండ్‌లో ఒక బస్సు వెనక్కి తీసే చప్పుడు వినబడింది. కండక్టర్ విజిల్ వేస్తున్నాడు, పక్కన తోపుడుబండ్లవాళ్లు తిడుతున్నారు. అక్కడ జాగా ఇరుకు. మామూలుగా అయితే రెండుసార్లు ముందుకు, మూడుసార్లు వెనక్కి. తిరుపతి లేచి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. ఇంజన్ ఒక్కసారే హోరెత్తి, దారి పట్టి దూరమైంది.

తిరుపతి లోపలికి వచ్చాడు.

“ఏందన్నా, ఎవరు?” అని అడిగారు ఎవరో.

“ఏం లే” అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. “అక్క ఒక్క పట్టుకే తీసింది.”