మీరు ఉండిపోతే

సుద్దముక్క అరిగిపోయి గోరు నల్లబల్లకు గీరుకుంటున్నా, విశ్వాసం మాస్టారు ఇంకో ముక్క తీసుకోలేదు. రాయడం ముగించి పిల్లలవైపు తిరిగాడు.

"గేదె ఈనింది. తాతారావు సంతోషించాడు. ఈ రెండూ కలిపి ఒక్క వాక్యం చెయ్యాలి. ఎవరు చెబుతారు?"

సత్యవేణి చటుక్కున లేచింది. "ఈనిన తాతారావు సంతోషించాడండి!"

తరగతి గొల్లుమంది. తడిక అవతల లిడియా పంతులమ్మ కూడా నవ్వింది. గుండుగొలను మిషను బడికి ఉన్నవి రెండే గదులు, మధ్యన ఒక తాటాకు తడిక. ఏళ్ల తరబడి ఆ నవ్వు ఆ తడిక సందుల్లోంచే మాస్టారిని చేరుతోంది. దాని కోసమే ఆయన ఇలాంటి వాక్యాలు కల్పిస్తాడని పిల్లలకేం తెలుసు!

"తాతారావు ఈనలేదమ్మా, గేదె ఈనింది. గేదె ఈనినందుకు తాతారావు సంతోషించాడు" అని సరిదిద్ది, అలవాటుగా ఇంకో మాట చేర్చాడు. "వచ్చి, వెళుతూ, ఉంటే... ఇలాంటి మాట దగ్గర వాక్యం ఆగకూడదు. చివర సమాపక క్రియ పడాలి. లేకపోతే వినేవాళ్లు అలా ఎదురుచూస్తూ కూర్చుంటారు."

ఆ నవ్వు ఇక వినబడదు. లిడియమ్మను తాడేపల్లిగూడెం ఆడపిల్లల బడికి మార్చారు. మధ్యాహ్నం పడవకే ప్రయాణం.

మాస్టారి భార్య విషజ్వరంతో పోయి చాలా కాలమైంది. ఆయన సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కోటు జేబుల నిండా సుద్దపొడి. గుప్పెడు బియ్యం ఉడకేసుకుని, చట్టిలోనే తిని, మిగిలింది పొద్దుటి చద్దికి ఉంచి, దీపం ఆర్పి పడుకుంటాడు. లిడియమ్మ కూడా చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. "మీరిద్దరూ ఒక్క మాట అనుకుంటే ఆదివారం గుళ్లో పెళ్లి ప్రకటన చదివేస్తానయ్యా" అని పాస్టరు పేతురుగారు నవ్వుతూనే చాలాసార్లు అన్నారు. అడ్డం చెప్పేవాళ్లెవరూ లేరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడిగే రకమా? ఆకలేస్తే మంచినీళ్లు తాగి పడుకునే రకం.

బడికి సెలవిచ్చి, ఆమె ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని కాలువ రేవుకు నడిచాడు. ఆమె మరచెంబు పట్టుకుని కాస్త వెనకగా వస్తోంది. ఇవాళ అడగకపోతే ఇక జన్మలో అడగలేడని ఆయనకు తెలుసు. దారి పొడుగునా ఒక వాక్యం కూర్చుకున్నాడు. 'ఇంతకాలం తడిక అవతల ఉన్న మీరు ఇక్కడే ఉండిపోతే, మిగిలిన నాలుగు రోజులూ కలిసి బతుకుదాం.' ఎక్కడా తప్పు లేదు. సమాపక క్రియ చక్కగా చివరనే ఉంది.

పడవ రేవులోనే ఉంది. పడవవాడు పెట్టె అందుకున్నాడు.

"ఏవండీ" అన్నాడు మాస్టారు.

ఆమె ఆగింది.

"మీరు ఉండిపోతే..."

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఉండిపోతే?" అంది మెల్లగా.

ఏదో ఒక క్రియ పడాలి. పడింది.

"బడికి బాగుంటుందండి."

ఆమె తల వంచుకుంది. "బడికి ఇంకొకావిడని పంపుతున్నారు కదండీ" అంది. పడవెక్కాక, ఇటు చూడకుండానే, "ఆ చట్టిలో చద్దన్నం మానేయండి. ఒంటికి పడదు" అంది.

పడవ కదిలింది. లాగేవాళ్లు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తున్నారు. పరుగెత్తనక్కర్లేదు, కాస్త పెద్ద అంగలు వేస్తే అందుతుంది. మాస్టారు అడుగు కదపలేదు. చూసేవాళ్లకు ఒళ్లు మండాలి గానీ, పాపం, ఆ మనిషిని చూస్తే జాలే వేస్తుంది. పడవ మలుపు దాటాక పైకే అన్నాడు: "కలిసి బతుకుదామండీ." కాలువ అవతల గట్టున కొంగ ఒకటి లేచిపోయింది. ఆయనకు ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని కిందికి చూస్తే, దారిలో తాగడానికని ఆమె నీళ్లు నింపి తెచ్చుకున్న మరచెంబు, మూత బిగించింది బిగించినట్టే, రేవు మెట్టు మీద ఎండలో ఉంది.