కంచె, మంచె

"వదినకి కుదరదట. రేపు నువ్వే సెలవు పెట్టెయ్" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేస్తున్న బట్టల గుట్ట మీద ఇంకో చొక్కా పడేస్తూ. రేపు అత్తయ్య కంటికి ఆపరేషన్. రేపే ఆఫీసులో నా మీటింగు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసే ఆ మాట కూడా చొక్కాతో పాటు పడేసి టీవీ ముందుకి వెళ్లిపోయాడు.

కుదరదట! మా తోడికోడలి నోట్లోంచి ఆ మాట ఎంత సుళువుగా ఊడిపడుతుందో. వేరే కాపురం, ముందో గేటు. చుట్టమొచ్చినా, పని వచ్చిపడినా గేటు దగ్గర ఆగాల్సిందే, ఆవిడ ఊ అంటేనే లోపలికి. నేను స్నానానికి వెళ్లి గడియ పెట్టుకున్నా "నా కళ్లజోడెక్కడ?" అని తలుపు అవతల నుంచి కేకలు. ఆవిడ నగలు చూసి నాకెప్పుడూ మండలేదు. మండేదల్లా ఆ ఒక్క 'కుదరదు' తలుచుకుంటేనే.

ఆఫీసులో నా పని కంప్యూటర్లకి కాపలా. ఆమధ్య ఒక దొంగ ప్రోగ్రాం దూరి ఆఫీసంతా చచ్చుబడింది. ఇకమీద ఎలాంటి కాపలా పెట్టాలో తేల్చమని పెద్దాయన నాకు అప్పగించాడు. రేపు ఒప్పించగలిగితే ఆ విభాగమే నా చేతికొస్తుంది. నేను వెళ్లకపోతే పక్క సీటాయన నా మాటలే తన గొంతుతో చదివి పెద్దవాడైపోతాడు.

ఉన్నవి రెండు దారులు. హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ అంటే ఇంటర్నెట్ తీగ ఆఫీసులో అడుగుపెట్టే చోటే కూర్చునే పెట్టె. వచ్చేదాన్నీ పోయేదాన్నీ అక్కడే నిలేసి చూస్తుంది. దానికో గది, తలుపుకి తాళం, చల్లగా ఏసీ. సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్ అలా కాదు. ఒక్కో కంప్యూటర్లోనే కాపురముండి, అక్కడి నానా చాకిరీ మధ్య ఇరుక్కుని కాపలా కాస్తుంది.

దొంగ ఎలా దూరిందంటే, లెక్కల విభాగం ఆయన ప్రింటర్ కదలడం లేదని తన కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఆపేశాడు. "అడ్డమొస్తోందమ్మా, ఒక్క నిమిషమే కదా అని తీసేశా" అన్నాడు. తిరిగి పెట్టడం మరిచాడు. లోపల ఉండే కాపలాకి అదే శాపం. ఎవరి కోసం కాస్తుందో వాళ్లే దాని నోరు నొక్కేస్తారు.

ఆ పెట్టె బొమ్మ చూసినప్పుడల్లా నాకు మా తోడికోడలే కనిపించేది. నున్నగా, దర్జాగా, తన గదిలో తను. ఇనప పెట్టెని చూసి కుళ్ళుకున్న ఆడది లోకంలో నేనొక్కత్తెనే అయ్యుంటాను.

ఉండబట్టలేక ఆవిడకి ఫోన్ చేశాను. "నీదే అదృష్టం అక్కా! కుదరదంటే చెల్లిపోతుంది."

"నేనేం కుదరదన్నానే?"

"రేపు, అత్తయ్య ఆపరేషన్‌కి."

"నేను వస్తాననే చెప్పాను. 'అక్కర్లేదొదినా, మా ఆవిడ అప్పుడే సెలవు పెట్టేసింది' అన్నాడు మీ ఆయన. నాకు బండి రాదుగా, నన్ను తిప్పాలంటే తను సెలవు పెట్టాలి. ఎప్పుడూ ఇంతే. నేనొస్తే కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. చుట్టాన్నటే నేను? అత్తయ్య నోట ఎప్పుడూ నీ పేరే. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో నీకేం తెలుసు!"

పొరుగింటి పుల్లకూర సామెత మా ఇద్దరి కోసమే పుట్టినట్టుంది. ఆవిడ గేటు చూసి నేను, నా వంటిల్లు చూసి ఆవిడ, ఇన్నేళ్లూ కుళ్ళి చచ్చాం. నా నోరు నొక్కిన చెయ్యి మాత్రం రిమోటు పట్టుకుని హాయిగా ఉంది.

రేపు మీటింగులో ఏ కాపలా కావాలని చెప్పాలో వారం నుంచీ తెగనిది అక్కడే తెగింది. మా నాన్న చేనుకి కంచె వేసేవాడు, చేను మధ్య మంచె కూడా కట్టేవాడు. కంచె ఉంది కదా అని ఏనాడూ మంచె దిగలేదు. బయటి దొంగకి గుమ్మంలో పెట్టె ఉండాలి. ఇంటి దొంగని అది పట్టలేదు కాబట్టి లోపలి కాపలా కూడా ఉండాలి. కాకపోతే దాన్ని ఆపే తాళంచెవి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల చేతికి ఇవ్వకూడదు.

హాల్లోకి వెళ్లాను. "రేపు అక్క వస్తుంది. పొద్దున్నే వెళ్లి తీసుకురండి. ఆస్పత్రికి మీరూ ఆవిడా వెళ్తారు."

"అదేంటి? నువ్వు సెలవు పెట్టావని అందరికీ చెప్పేశాగా!"

"చెప్పింది మీరు. పెట్టాల్సింది నేను. పెట్టలేదు."

"ఈ ఒక్కసారికి సర్దుకుంటే అరిగిపోతావా?"

అచ్చం లెక్కల ఆయన గొంతే.

లోపలి నుంచి అత్తయ్య అంది, "వాడికి నా మందుల పేర్లయినా తెలుసుటే?"

"రేపటికల్లా తెలుస్తాయి అత్తయ్యా."

వెనక్కొచ్చి రేపటికి నా బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. అంతకుముందే మొదలెట్టిన ఆయన చొక్కాకి ఒక చెయ్యి అయింది, ఒక చెయ్యి మిగిలింది. దాన్నలాగే కుర్చీకి తగిలించి, స్విచ్చి ఆపేశాను.