చేత్తో వేసిన తెల్లపట్టీలు

టైరుకి తెల్లపట్టీ వెయ్యాలంటే ముందు నిండుగా గాలి పట్టించాలి. గాలి లేకుండా రంగు వేసి ఆనక గాలి కొడితే, టైరు ఉబ్బి రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఈ సంగతి పెయింటరుకి ఎవరూ చెప్పలేదు. ఒక పనికిరాని టైరు మీద వేసి, పాడు చేసుకుని నేర్చుకున్నాడు. నలభై ఏళ్ళు కొట్ల మీద బోర్డులు రాసిన మనిషి. రంగు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ మొహం చాటేస్తుందో వాసన చూసి చెప్పగలడు.

బండి అతనిదీ, అతని బావమరిదిదీ. బావమరిది మెకానిక్. ఆరేళ్ళ కిందట పాత ఇనుము కొట్టు వెనక, ముళ్ళపొదల్లో కూరుకుపోయిన రెండు తలుపుల కారుని తాళ్ళు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాడు.

"ఇది కారా, కోళ్ళగూడా?" అన్నాడు పెయింటరు.

"నిన్ను మొదటిసారి చూసినప్పుడు మా అక్క కూడా ఇలాంటి మాటే అంది బావా. తర్వాత సర్దుకుపోలేదూ?"

ఆ రోజు మొదలు ఆదివారాలన్నీ ఆ షెడ్డుకే పోయాయి. కప్పుని నాలుగు వేళ్ళ మేర కోసి కిందకి దించారు. ఇంజను ఒక బండిది, సీట్లు ఇంకో బండివి. ముందు దీపాలు ఏ బండివో ఇద్దరికీ గుర్తులేదు. బావమరిది అతుకులు వేస్తే పెయింటరు నున్నగా చేశాడు. ముదురు ఎరుపు రంగు తొమ్మిది పూతలు వేశాడు. అద్దంలో చూసుకున్నట్టు మొహం చూసుకోవచ్చు.

అప్పటికింకా చెయ్యి వణకడం మొదలవలేదు.

నిరుడు మొదలైంది. కుడిచెయ్యి. టీ గ్లాసు పట్టుకుంటే టీ ఒలికేది. చొక్కా గుండీలు పెళ్ళాం పెట్టేది. అంతకు రెండేళ్ళ ముందే బోర్డులు రాయించుకునేవాళ్ళు మిషను మీద అచ్చేసిన గుడ్డబోర్డులకి వెళ్ళిపోయారు కాబట్టి, ఆ వణుకు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఇంట్లోవాళ్ళకి తెలుసు. తెలిసి ఊరుకున్నారు. వాళ్ళు ఊరుకోవడమే అతనికి గొంతులో ముల్లులా ఉండేది.

అందుకే తెల్లపట్టీల పని వచ్చినప్పుడు పట్టుబట్టాడు. "అవి నేనే వేస్తా. కుంచె గోడకి ఆనితే నా చెయ్యి వణకదురా."

"నీ ఇష్టం బావా," అన్నాడు బావమరిది, ఇంజను లోంచి తల ఎత్తకుండా.

పెయింటరు ఆ పని మూడు రోజులు చేశాడు. టైర్లకి గాలి నిండుగా కొట్టించాడు. సబ్బుతో కడిగాడు. థిన్నరు గుడ్డతో, గుడ్డకి నలుపు అంటడం మానేదాకా తుడిచాడు. కొత్త టైరు మీద సన్నగా వెంట్రుకల్లా రబ్బరు ముళ్ళు ఉంటాయి. వాటిని బ్లేడుతో ఒక్కొక్కటీ కోసి, గరుకు కాగితంతో రుద్దాడు. ఇరుసు కింద జాకీ పెట్టి చక్రం పైకి లేపాడు. పక్కన ఇటుకలు పేర్చి, కుడి మణికట్టు ఇటుకల మీద ఆనించి, కుంచె కదలకుండా పట్టుకుని, ఎడమచేత్తో చక్రాన్ని తిప్పాడు. కుంచె తిరగకూడదు, చక్రమే తిరగాలి. గీత దానంతటదే వచ్చి కుంచెని కలుస్తుంది. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకోటి, అలా ఐదు.

చెయ్యి వణకలేదు. ఐదో పూత అయ్యాక కూడా నమ్మకం కలక్క ఒక గంట ఆ చక్రాల ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఈ నాలుగు టైర్లూ జనం ముందు పడితే, తనింకా పెయింటరో కాదో తేలిపోతుంది. తను చెప్పుకోనక్కర్లేదు.

"అయిందిరా. వచ్చి చూడు," అని కేకేశాడు.

"పోటీ నాడు చూస్తా బావా. ఇప్పుడు చేతులు గ్రీజు, నీ తెలుపుకి అంటించానంటే చంపుతావు," అన్నాడు బావమరిది.

అదీ నిజమే కదా అనుకున్నాడు పెయింటరు.

*

ఆ పోటీ సొంతంగా తయారుచేసుకున్న బళ్ళకి. ఒక పెద్ద మైదానంలో ప్రతి ఏడూ జరుగుతుంది. ఏది కొన్నారో, ఏది చేత్తో చేశారో, ఎవరు చేశారో ఒక కాగితం మీద రాసివ్వాలి. కొన్నా తప్పు లేదు. చేత్తో చేసినదానికి మార్కులెక్కువ, అంతే. బళ్ళని ఒక రోజు ముందే తెచ్చి పెట్టాలన్నారు కాబట్టి బావమరిది ముందే తోలుకెళ్ళాడు. మర్నాడు పొద్దున్న పెయింటరూ పెళ్ళామూ బస్సులో దిగారు. ఆవిడ చేతిలో అన్నం డబ్బా. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

బండి చుట్టూ జనం. దూరం నుంచే మాటలు వినపడుతున్నాయి.

"ఆ తెల్లపట్టీలు చూడరా, చేత్తో వేశాడట!"

"చేత్తోనా? పోరా, కోతలు!"

"కాగితం మీద రాసుంది చదువు. పెద్దాయనట, బోర్డులు రాసేవాడట."

పెయింటరుకి ఒళ్ళు తేలికైంది. పక్కన పెళ్ళాం నడక నెమ్మదించింది. అది అతను గమనించలేదు. జనాన్ని తప్పించుకుని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మనిషి తన పనిని ముందు చేత్తోనే చూస్తాడు. బొటనవేలు పట్టీ మీద పెట్టి నిమిరాడు.

వేలికి ఏదో గుచ్చుకుంది.

రబ్బరు ముల్లు. దాని పక్కన ఇంకోటి. పట్టీ అంచున సన్నటి గట్టు. తను వేసిన పట్టీకి గట్టు లేదు. గోటితో గీరితే రంగు లేదు, లోపలిదాకా తెల్ల రబ్బరే. ఫ్యాక్టరీలో పోసిన తెలుపు. రెండో చక్రం చూశాడు. మూడోది, నాలుగోది. నాలుగూ అంతే.

ముందు అతనికి బుద్ధి పనిచెయ్యలేదు. తన బండి కాదేమో అనుకుని ఎర్రరంగులో మొహం చూసుకున్నాడు. బండి తనదే. మొహమూ తనదే.

"బాగున్నాయి కదా పెద్దాయనా?" అన్నాడొకడు వెనకనుంచి. టైర్ల కొట్టువాడు. కొట్టు పేరున్న టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ళకి చీటీలు పంచుతున్నాడు. "మా సరుకే. ఈ సైజులో తెల్లపట్టీ దొరకడం ఎంత కష్టమనుకున్నారు? నెలన్నర కిందట చెప్పాడు మెకానిక్, నిన్నగాక మొన్న వచ్చాయి."

"నెలన్నరా?" అన్నాడు పెయింటరు.

"గట్టిగా. ఇంకా ఎక్కువే."

తను రంగు వేసి పన్నెండు రోజులు.

టైర్ల కొట్టువాడికి మాట మొదలైతే ఆగదు. "ముందున్న టైర్ల మీద ఎవరో తెల్లరంగు పూశారండీ. ఇప్పేటప్పుడు పెచ్చులు లేచి నా చొక్కా పాడవుతుందనుకున్నా. కడ్డీ పెట్టి పెకలించినా ఊడలేదు, మొండిరంగు! నా పాతికేళ్ళలో చూళ్ళేదు. పాత టైర్ల కుప్పలో పారేశా."

పెయింటరు మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పెళ్ళాం పదడుగుల దూరంలో, అన్నం డబ్బాని రెండు చేతులా పట్టుకుని నించుంది. ఆవిడ మొహం చూస్తే అడగనక్కర్లేదు. అయినా అడిగాడు.

"నీకు తెలుసా?"

"మీరు బాధపడతారనీ..."

"తెలుసా, లేదా?"

"వాడు చెప్పాడు. ఆరేళ్ళ కష్టం కదండీ వాడిది. మీ చెయ్యి... ఒకవేళ వంకర పోతే అందరిలో మీకే చిన్నతనం కదా. మీ సరదా తీరుతుంది, వాడి బండీ బాగుంటుంది అన్నాడు. నాకు సరే అనిపించింది."

"మూడు రోజులు నాకు టీలు తెచ్చిచ్చావు."

ఆవిడ ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"చంటిపిల్లాడికి గిలక్కాయ ఇచ్చి, మీరు పనులు చూసుకున్నారన్నమాట."

"అలా అనకండి," అంది.

అంతలో బావమరిది వచ్చాడు, కడిగిన చేతులతో, దువ్విన తలతో. వెనకాల పరీక్ష చేసే ఆవిడ. డెబ్భై ఏళ్ళుంటాయి. తన కాలంలో బళ్ళ బాడీలు కట్టిన మనిషట, వేళ్ళకి కాలిన మచ్చలున్నాయి. బావమరిది బావ భుజం మీద చెయ్యి వేసి కన్ను కొట్టాడు. అది పెయింటరుకి చెంపదెబ్బలా తగిలింది.

"ఇదిగోనమ్మా, మా బావ. పట్టీలు వేసింది ఈయనే."

"నమస్కారమండీ," అందావిడ. "ఈ వయసులో ఇంత నిలకడైన గీతా! నా చేతులు ఎప్పుడో మొరాయించాయి. పై నుంచి చూస్తేనే తెలుస్తోంది. కళ్ళజోడు మార్చుకుని దగ్గరగా చూస్తాను. ముందు ఇక్కడ ఒక సంతకం పెట్టండి, ఈ పని నాదే అని."

అద్దానికి ఉన్న కాగితం తీసి బానెట్టు మీద పెట్టి కలం అందించింది. 'తెల్లపట్టీలు: చేత్తో వేసినవి.' బావమరిది రాత. కింద ఖాళీ గీత.

నలభై ఏళ్ళలో రాసిన ప్రతి బోర్డుకీ కుడిపక్క కింద మూల చిన్నగా సంతకం చేశాడు పెయింటరు. వేరేవాడు రాసిన బోర్డు మీద ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఒకసారి ఒక బంగారం కొట్టువాడు, పక్క ఊరి పెయింటరు రాసిన బోర్డు మీద నీ సంతకం ఉంటే పరువుగా ఉంటుంది, పెట్టిపో అంటే, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేశాడు.

కలం పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. కలం మొన కాగితం మీద టపటప కొట్టుకుంది. చుట్టూ జనం చూస్తున్నారు.

"బావకి చెయ్యి కాస్త... నేను పెడతానమ్మా," అని బావమరిది కలం అందుకోబోయాడు.

"కుంచె పట్టుకుంటే వణకదన్నమాట," అంది పరీక్ష చేసే ఆవిడ, నవ్వుతూ. దయగానే అంది.

"వణకదమ్మా," అన్నాడు పెయింటరు. "కానీ ఈ పట్టీలు నేను వేసినవి కావు. కొన్నవి. ముట్టుకుని చూడండి, రబ్బరు ముళ్ళు కూడా కొయ్యలేదు."

కాగితం మీద ఆ లైనుని అడ్డంగా కొట్టేశాడు. గీత వంకరటింకరగా పోయింది. కలం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వంగి చక్రాన్ని ముట్టుకుంది. లేచి బావమరిది వంక చూసింది. "కొన్నామని రాస్తే ఏం పోయేది బాబూ?" అంది. "అబద్ధం రాస్తే బండి మొత్తం పక్కన పెట్టాల్సొస్తుంది. తెలుసు కదా." కాగితం మడిచి సంచిలో పెట్టుకుని తర్వాతి బండి దగ్గరికి వెళ్ళిపోయింది. జనం కూడా ఆవిడ వెనకే జరిగారు.

బావమరిది బావ ఎదురుగా వచ్చి నించున్నాడు.

"ఆరేళ్ళు బావా," అన్నాడు. "ఆరేళ్ళు! అమ్మకి బాగోలేనప్పుడు కూడా ఆదివారం మానలేదు. ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది? నీ పేరు నిలబెడదామనే కదా రాశాను!"

"నా పేరా?"

"మరి ఎవరి పేరు? నిన్ను తీసి పక్కన పెట్టేస్తే బాగుండేదా?"

"పెడితే బాగుండేదిరా. ముసలాడివైపోయావు, ముట్టుకోకు అని మొహం మీద అంటే రెండు రోజులు అన్నం మానేసేవాణ్ణి. మూడో రోజు తినేవాణ్ణి."

"బండి నాదీ బావా. నాకు భయం ఉండదా?"

"ఉంటుంది. ఉండొద్దనలేదు." పెయింటరు గొంతు పెరగలేదు. "టైర్లు నెలన్నర కిందట చెప్పావట. నేను రంగు డబ్బా మూత తియ్యకముందు. సరే. నేను వేశాక ఒక్కసారి వచ్చి చూశావా, ఎలా వచ్చాయో?"

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ అన్నం డబ్బా మూత సరిచేస్తోంది.

"విప్పేటప్పుడైనా చూశావా?"

"కొట్టు దగ్గర వదిలేసి వచ్చా బావా. బ్రేకుల సామాను కొనే పనుంది."

"అదీ సంగతి," అన్నాడు పెయింటరు.

వంకర పోయాయని తీసేసి ఉంటే ఓర్చుకునేవాడే. బాగోలేవు అనడానికి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా. చూసినవాడు ఒక్కడే, టైర్లు పెకలించినవాడు.

బావమరిది ఇంకా ఏదో అంటున్నాడు. పెయింటరు మైదానం గేటు వైపు నడిచాడు. చీటీలు పంచేవాణ్ణి ఆపి, కొట్టు ఎటని అడిగాడు. రోడ్డు దాటి రెండో సందు అన్నాడు వాడు.

*

కొట్టు వెనక పాత టైర్ల కుప్ప మనిషెత్తు ఉంది. టైర్ల కొట్టువాడు కూడా వెంట వచ్చాడు. ఈ ముసలాయనకి ఏం కావాలో అర్థం కాక, టోపీ చేత్తో పట్టుకుని నించున్నాడు. నాలుగు టైర్లూ కుప్ప అంచునే ఉన్నాయి. రెండిటి మీద కడ్డీ నల్లగా ఒరుసుకుపోయింది. పెయింటరు ఒకదాన్ని కిందకి లాగి నిలబెట్టాడు. వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఎక్కడా ఆగలేదు.

"ఆ మొండిరంగు మీరేనా వేసింది?" అన్నాడు టైర్ల కొట్టువాడు.

"నేనే."

"అయ్యో, తెలీక పారేశాను పెద్దాయనా. ఇప్పుడు ఏ బండికి వేస్తారు?"

"బండి లేదు."

"మరి?"

పెయింటరు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. టైరుని రోడ్డు మీదకి దొర్లించాడు. వంగి దొర్లించాలంటే నడుము పడుతోంది. నాలుగు టైర్లు, నాలుగు తిరుగుళ్ళు, బస్టాండు దాకా. ఆటో పిలుస్తానన్నాడు టైర్ల కొట్టువాడు. వద్దన్నాడు.

సందు మొదట్లో పెళ్ళాం ఎదురైంది. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. టైరుని చూసింది. ఒక చెయ్యి చాచి పట్టుకోబోయింది.

"నేను పట్టుకుంటానండీ, మీ చెయ్యి..."

"తప్పుకో," అన్నాడు.

ఆవిడ గోడవైపు జరిగింది. అతను టైరుని తెల్లపట్టీ గోడకి రాసుకోకుండా రెండో వైపు తిప్పి, ఆవిడ పక్కనుంచి దొర్లించుకుంటూ పోయాడు. ఇంకా మూడున్నాయి.